అండాలో భారతం

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఏ ఊరి నుంచి ఏ చుట్టం ఫోన్ చేసినా, ఆరోగ్యం అడిగి, పిల్లల చదువులు అడిగి, చివర్లో "కొండమీద ఒక రూము సూడు నాయనా" అంటారు. నేను ఉండేది కొండ కింద. కొండమీద నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు, స్వామి తప్ప. ఆయనైనా నన్ను గుర్తుపట్టిన సూచన ఇంతవరకు ఏదీ ఇవ్వలేదు. ఈ మాట చెబితే అవతలివాళ్లు నవ్వేసి, "ఊరుకో అబ్బా, నీకు తెలీకుండా ఎట్ల ఉంటారు" అంటారు. మర్నాడు మళ్లీ ఫోన్ చేస్తారు.

ఉన్న ఊరిని బట్టి పలుకుబడి అంటగట్టినట్టే, చదివిన చదువును బట్టి ప్రావీణ్యం కూడా అంటగడతారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అందులో ధ్వని మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠం పుణ్యాన మా స్నేహితుల్లో ఎవరు ఇంట్లోకి స్పీకర్లు కొనాలన్నా నన్ను అడక్కుండా కొనరు. అడిగాక నేను చెప్పినవి మాత్రం కొనరు. అది వేరే సంగతి.

ఒకసారి మా కాలేజీలోనే పనిచేసే ఒకాయన, పొరపాటున నేను చెప్పినవే కొన్నాడు. వారం తిరక్కుండా ఇంటికి పిలిచి, "గొంతు పట్టేసినట్టుంది సార్, మీరు చెప్పింది మంచి కంపెనీ కాదు" అన్నాడు. స్పీకర్లు ఫ్రిజ్ మీద ఉన్నాయి. దుమ్ము పడకుండా వాళ్లావిడ కుట్టిన పూల గుడ్డ ఒకటి కప్పి, గుడ్డ ఎగరకుండా మీద ఒక ఇత్తడి ఏనుగును పెట్టారు. నేను ఏనుగును దించి గుడ్డ తీశాను. ఆయన ముఖం వెలిగింది. అప్పటినుంచి స్టాఫ్ రూములో నాకు హస్తవాసి ఉందని పేరు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా హాల్లో నిలువెత్తు స్పీకర్ పెట్టెలు రెండు ఉన్నాయి. వాటికి ఎదురుగా ఒకే ఒక కుర్చీ. రెండు పెట్టెల శబ్దం వచ్చి సరిగ్గా ఆ కుర్చీ దగ్గర కలుస్తుంది. పక్కన ఇంకో కుర్చీ వేస్తే అక్కడ కలవదు. ఈ విషయం మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే బొమ్మ గీసి మరీ వివరించాను. ఆవిడ అప్పటినుంచి వంటింట్లో తన ఫోన్లో పాటలు పెట్టుకుని వింటుంది. నాకెప్పుడూ అడ్డు రాలేదు.

ఇంక అసలు విషయానికి వస్తాను. నా చిన్నప్పటి స్నేహితుడొకడికి తిరుపతిలో స్టీలు పాత్రల అంగడి ఉంది. ఒక ఎండాకాలం పొద్దున వాడు నేరుగా మా ఇంటికే వచ్చాడు. కూర్చోలేదు. వాడు కూర్చోలేదంటే విషయం ముఖ్యమైనదని అర్థం.

"సామీ, మంచి సౌండు సెట్టు ఒకటి కొనాల. నువ్వు రావాల."

సలహా అడిగినవాళ్లందరినీ నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎవరు వింటారు, ఏం వింటారు, ఎక్కడ కూర్చుని వింటారు. ఈ మూడూ తెలియకుండా స్పీకర్లు చెప్పడం, మనిషిని చూడకుండా చొక్కా కుట్టడం లాంటిది.

"మా ఇంటామె వింటాది. భారతం వింటాది. కూచోనే వింటాది, కాలికి కట్టు ఉండాది గదా."

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. మా జిల్లాలో పుట్టనివాళ్లకు అర్థం కాదు కాబట్టి చెబుతాను. మావైపు భారతం అంటే పుస్తకం కాదు. ఎండాకాలంలో ఊరు ఊరంతా చేసుకునే తిరునాళ్ల. ద్రౌపదమ్మ గుడి దగ్గర రోజూ మధ్యాహ్నం హరికథ, రాత్రయితే నాటకం. ఆఖరి రోజు పొద్దున బంకమట్టితో చేసిన పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి భీముడు వధిస్తాడు, సాయంత్రం నిప్పులు తొక్కుతారు. అందుకే మావాళ్లు "మా ఊళ్లో భారతం పెట్టినారు" అంటారు, పెళ్లి పెట్టుకున్నట్టు.

నా స్నేహితుడి భార్యది పాకాల అవతల ఒక పల్లె. పెళ్లయిన తర్వాత ఆమె పండగలకు పుట్టింటికి పోయినా పోకపోయినా, భారతానికి పోకుండా ఉన్న సంవత్సరం లేదు. ఈసారి సరిగ్గా భారతం మొదలయ్యే ముందు మిద్దె మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. దుర్యోధనుడు చచ్చేదాకా అడుగు కింద పెట్టడానికి వీల్లేదన్నాడు డాక్టరు. అంటే డాక్టరు ఏదో తేదీ చెప్పాడు, ఆమె దాన్ని అలా లెక్కగట్టుకుంది.

"వాళ్ల తమ్ముడు దినామూ హరికథ ఫోన్లో పట్టి పంపిస్తాండాడు. ఫోన్లో వింటే దోమ హరికథ చెప్పినట్టుండాది. ఆయమ్మ వినేదీ మానేసింది, మాట్లాడేదీ మానేసింది. నాతో కొట్లాడటం గూడా మానేసింది సామీ," అన్నాడు వాడు. "భారతం అయిపొయ్యేలోపల ఆమెకు ఈడనే భారతం చూపించాల. ఆమెకు తెలీకూడదు. కొని, పెట్టేసి, అప్పుడు చెప్పాల."

స్పీకర్లు అమ్మే అంగడికి పోయాం. అమ్మే కుర్రాడు మమ్మల్ని చీకటి గదిలో కూర్చోబెట్టి తలుపు వేసి, హెలికాప్టర్ శబ్దం వినిపించాడు. హెలికాప్టర్ మా వెనక నుంచి లేచి, నెత్తిమీదుగా పోయి, ముందుగోడలో దూరింది. కుర్రాడు గర్వంగా మా వంక చూశాడు.

"మా ఇంటికి హెలికాప్టర్ ఎందుకొస్తాదప్పా?" అన్నాడు నా స్నేహితుడు.

"అది శాంపిల్ సార్. వెనక రెండు బాక్సులుంటే వెనకనుంచి గూడా మాటలు వినపడతాయి."

"భారతంలో ఎనక నుంచి మాట్లాడేటోళ్లు ఎవరుండారు? శకుని గూడా ముందరే కూచుంటాడే."

నేను కల్పించుకుని, మాట వినడానికి మంచివి రెండు పెట్టెలు చాలు, ఐదు వద్దు, నేల అదిరే పెట్టె అసలే వద్దు అని చెప్పాను. ఇది నేను ఎవరికైనా ఇచ్చే సలహాల్లో అత్యంత సరైనది. వాడు తల ఊపి, నేను చూపించిన పెట్టె దగ్గరికి పోయి, వేళ్లు మడిచి దాన్ని కొట్టి చూశాడు. పాత్రల వ్యాపారం చేసేవాడు ఏది కొన్నా కొట్టే కొంటాడు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లవాళ్ల ఇంటి పందిరి గుంజను కొట్టి చూశాడని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం.

"మొద్దుగా ఉండాదే. టంగు మనలేదు."

"స్పీకర్ పెట్టె టంగు మనకూడదబ్బా. మొద్దుగా ఉంటేనే మంచిది. పెట్టె మోగితే పాట పాడైపోతుంది."

"అంటే మోగనిదే మంచి స్పీకరా?"

"అవును."

వాడు కుర్రాడి వంక చూసి, "చదువుకున్నోడు. ఏమన్నా చెప్పొచ్చు," అన్నాడు. తర్వాత ఒక్కొక్క పెట్టెనూ రెండు చేతులతో లేపి బరువు చూశాడు. బరువు నచ్చింది. కొన్నాడు.

మరునాడు మా ఆవిడ వాళ్లావిడను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ లోపల మేమిద్దరం వాళ్ల హాలుని నా శాస్త్రం ప్రకారం సిద్ధం చేయాలని పథకం. నేల అంతా నున్నటి గ్రానైట్, శబ్దం బంతిలాగా ఎగురుతుంది. జంపఖానా పరిచాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం. పెట్టెలను గోడకు దూరంగా జరిపి, చెవి ఎత్తుకు సరిపోయేలా రెండు స్టూళ్ల మీద నిలబెట్టాం. ఒక్కటే చిక్కు. రెండు పెట్టెల శబ్దం వచ్చి ఎక్కడ కలవాలో, సరిగ్గా అక్కడ ఇత్తడి గొలుసులతో ఒక టేకు ఊయల వేలాడుతోంది. అది ఆమె పుట్టింటి ఊయల. నా లెక్క ప్రకారం వినే మనిషి కదలకూడదు. ఊయల తీసేసి కుర్చీ వేయాలన్నాను.

"ఆయమ్మని అడక్కుండా ఊయల ముట్టుకునేది బాగుండదేమో సామీ."

"ఆ ఊయల ఉంటే నేను పూచీ పడను."

ఊయల మిద్దెమీదికి పోయింది.

ఆమె వచ్చింది. మా ఆవిడ భుజం పట్టుకుని, కట్టు కట్టిన కాలు గాల్లో పెట్టుకుని గుమ్మంలోనే ఆగింది. కొత్త పెట్టెలను చూడలేదు, జంపఖానాను చూడలేదు.

"ఊయల యాడ?"

"నువ్వు ముందు కూచో," అన్నాడు మావాడు.

కుర్చీలో కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, ముందురోజు హరికథ పెట్టాం. నేను చెప్పకూడదు కానీ, అద్భుతంగా వచ్చింది. హరికథ చెప్పే ఆయన చిడతలు ఏ చేతిలో ఉన్నాయో కూడా తెలుస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు, సవరించుకున్నట్టు వినబడింది. ఎవరో ఆయనకు సోడా ఇచ్చారు, గోలీ లోపలికి పడిన శబ్దం వినబడింది. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి ఆమె కొంగు సర్దుకుని, కుర్చీ అంచుకు జరిగి, ఇంటర్వ్యూకు వచ్చినట్టు కూర్చుని ఉంది.

"ఎట్లుండాది?" అన్నాడు మావాడు.

"బాగుండాది."

పెళ్లిలో ఉప్పు ఎక్కువైన సాంబారు గురించి, పక్కన పెళ్లికొడుకు తండ్రి నిలబడి అడిగితే చెప్పే "బాగుండాది" అది. మావాడికి ముప్పై ఏళ్ల వ్యాపారం. తేడా పడితే పట్టేస్తాడు.

"నిజం చెప్పు."

"నిజమే చెప్తాండా. బాగుండాది. కానీ ఆయన వచ్చి మన హాల్లో కూచున్నాడే. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ గూడా ఇయ్యకుండా నేనెట్ల కూచోని వినేది?"

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను శబ్దం స్పష్టంగా ఉండటం మంచిదేనని వివరించబోయాను.

"అన్నా, నువ్వు భారతం దగ్గర కూచోని విన్నట్టుండావు," అంది ఆమె. "మేము ఎప్పుడు దగ్గర కూచున్నాము? మా ఇల్లు యాడ, భారతం మిట్ట యాడ! నడుమ చెరుకు తోటలే. మధ్యాన్నం పొద్దు మా యమ్మ, నేను వసారాలో కూచోని చింతపండు కొడతా ఉంటే, ఆడ చెట్టుకు కట్టిన గొట్టం మైకులో వచ్చేది. అది గూడా గాలి ఇటు తిరిగితేనే. కర్ణుడు రథం చక్రం ఎత్తేదానికి దిగినాడా, గాలి అటు పొయ్యేది. మళ్లీ గాలి వచ్చేతలికి ఆయప్ప సచ్చిపోయుండేవాడు. నడుమ ఏం జరిగిందో మా యమ్మ చెప్పేది. ఆమె చెప్పేది ఒక్కో సంవత్సరం ఒక్కో రకంగా ఉండేది."

ఇంత పొడుగు మాట ఆమె చాలా రోజుల తర్వాత మాట్లాడిందని మావాడి ముఖం చూస్తే తెలిసింది. ఆమె గొంతు తగ్గించి, "ఈన అన్నీ చెప్పేస్తాండాడు. మా యమ్మకు చెప్పేదానికి ఏం మిగిల్లేదు," అంది. వాళ్లమ్మ పోయి అప్పటికి కొన్నేళ్లయింది.

మావాడు పెట్టెల వంక చూసి, నా వైపు తిరిగి, "సామీ, దీన్ని చెడగొట్టాల," అన్నాడు.

స్పీకర్లను బాగుచేయడం ఎలాగో నన్ను చాలామంది అడిగారు. చెడగొట్టడం ఎలాగో ఎవరూ అడగలేదు. ముందు శబ్దం తగ్గించాం. "దగ్గరే ఉండాడు, గుసగుసలాడతాండాడు," అంది. పెట్టెలు తీసుకుపోయి వంటింట్లో పెట్టాం. "ఇప్పుడు వంటింట్లో ఉండాడు. కాఫీ ఆయనే పెట్టుకుంటాండాడేమో." మా ఆవిడ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు, బాహాటంగానే నవ్వింది. మిద్దెమీదికి తీసుకుపోయాం. కింద ఏమీ వినబడలేదు, ఎదురింటివాళ్లు మాత్రం వాకిట్లోకి వచ్చి దండం పెట్టుకున్నారు.

అప్పుడు మావాడు బండి తీసుకుని తన అంగడికి పోయి, పెళ్లిళ్లలో నీళ్లు పట్టే పెద్ద స్టీలు అండా ఒకటి తెచ్చాడు. అండాను వసారాలో పడుకోబెట్టి, మూతి హాలు వైపు తిప్పి, నేను ఏరి కోరి చెప్పిన పెట్టెను దాని లోపల, ముఖం అడుగు వైపుకు తిప్పి పెట్టాడు. రెండో పెట్టె పట్టలేదు. దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ సమయంలో నేను బయటికి పోయి కాసేపు మొక్కలు చూశాను.

"పెట్టు," అన్నాడు లోపల్నుంచి.

హరికథ అండాలో పడి, అడుక్కి తగిలి, చుట్టూ తిరిగి, ముక్కుతో మాట్లాడుతున్నట్టు బయటికి వచ్చింది. టంగు టంగుమని మోగుతూ వచ్చింది. ధ్వని పాఠంలో ఏవి ఉండకూడదని చెబుతామో అవన్నీ అందులో ఉన్నాయి. ఆమె కుర్చీ అంచు నుంచి వెనక్కి వాలింది.

"ఆ! గొంతు వచ్చింది. మైకు గొంతు ఇదే." కాసేపు విని, "గాలి రాలేదు," అంది.

గాలిని ఎక్కడ నుంచి తేవడం? మావాడు నా వంక చూశాడు. ఫిజిక్స్ చెప్పేవాడు గాలి కూడా తేగలడని వాడి నమ్మకం. నేను ఫ్యాను పెద్దది చేశాను. దుప్పట్లు ఎగిరాయి, హరికథ ఎగరలేదు. మా ఆవిడే అంది, "ముందు ఆ అక్క ఊయల తెచ్చి తగిలించండి. కట్టు కాలుతో ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చుంటుంది పాపం."

ఊయల దిగి వచ్చింది. ఆమెను అందులోకి చేర్చి, కాలు చాపించి, వెనక దిండు పెట్టాం. ఆమెకు కాలితో నేల తన్నే వీలు లేదు కాబట్టి మావాడు వెనక నిలబడి మెల్లగా ఊపాడు. ఊయల వసారా వైపు పోయింది, అండాలోంచి కథ పెద్దగా వచ్చింది. ఊయల వెనక్కి వచ్చింది, కథ సన్నగిల్లింది. మళ్లీ పోయింది, వచ్చింది. ఆమె ముఖం మారడం మేమందరం చూశాం.

"గాలి తిరిగింది," అంది.

మావాడు ఊపుతూనే ఉన్నాడు.

"రొంత మెల్లగా. మధ్యాన్నం గాలి ఇంత బిరీన రాదు. ఆ... అట్ల. ఇప్పుడు రొంత నిలబెట్టు. గాలి పడిపోవాల. ఊఁ, ఇప్పుడు తోయి. ఏంది, అన్నం తినలేదా?"

"తినే వచ్చినాను."

"అట్లయితే గాలి మాదిరి తోయి. అంగట్లో బిందెలు జరిపినట్టు తోస్తావే!"

మావాడు నా వైపు తిరిగి, కళ్లు తుడుచుకోవడానికి కూడా ఊపడం ఆపకుండా, "కొట్లాడతాండాది సామీ," అన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం వాడు అంగడి తొందరగా మూసి ఇంటికి పోయేవాడు. ఎవరైనా అడిగితే, "గాలి కావాలంట, పోవాల," అనేవాడు. దుర్యోధన వధ నాటికి ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, అంగట్లో పనిచేసేవాళ్లు అందరూ వాళ్ల హాల్లో నా జంపఖానా మీద చేరారు. ఆమె ఊయల మీద కూర్చునే వేరుశనక్కాయలు ఉడికించడం, బొరుగులు కలపడం దగ్గరుండి నడిపించింది. తమ్ముడు పొద్దున పట్టి పంపినది అండాలోంచి మొదలైంది. ఊరంతా అరుస్తోంది, డప్పులు, ఈలలు. భీముడు గద ఎత్తాడు. సరిగ్గా అప్పుడు ఊయల వెనక్కి పోయింది.

"కొట్టినాడా?" అని అరిచింది ఆమె.

"కొట్టినాడు, కొట్టినాడు!" అన్నారు జంపఖానా మీది వాళ్లు.

"యాడ కొట్టినాడు?"

తొడ మీద అని ఒకరు, నెత్తి మీద అని ఒకరు. అసలు భీముడు కొట్టలేదని, దుర్యోధనుడే జారిపడ్డాడని ఎదురింటి పెద్దాయన. ఎవరికి తోచిన యుద్ధం వాళ్లు చెప్పారు. ఆమె నవ్వి నవ్వి, గొలుసు పట్టుకుని, "మా యమ్మ గూడా ఒక సంవత్సరం జారిపడినాడనే చెప్పింది," అంది. మావాడు వెనక నుంచి ఊయలను కొంచెంసేపు పట్టి నిలిపాడు, ఆ నవ్వు అయ్యేదాకా. తర్వాత మళ్లీ తోశాడు.

దుర్యోధనుడు చచ్చాక ఆమె మా ఆవిడను పిలిచి, "రా, నువ్వు గూడా రొంతసేపు కూచో," అని పక్కన చోటిచ్చింది. మా ఆవిడ వద్దువద్దంటూనే కూర్చుంది. మావాడు ఇద్దరినీ కలిపి ఊపాడు. ఇద్దరూ అండా వైపు పోయి, గోడ వైపు వచ్చి, ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను మిగిలిపోయిన రెండో పెట్టె మీద కూర్చుని బొరుగులు తిన్నాను. మంచి బరువైన పెట్టె. కదల్లేదు.

బండి మీద ఇంటికి తిరిగి వచ్చాం. మా ఆవిడ తాళం తీసి, లైటు వేసి, హాల్లో నా రెండు పెట్టెలనూ, వాటికి ఎదురుగా ఉన్న ఆ ఒక్క కుర్చీనీ చెప్పులు విప్పుతూ కాసేపు చూసింది.

"మనింట్లో అన్నీ ఉండాయి," అంది. "ఊపే మనిషే లేడు."